నాపరాళ్ళ మీద నేర్చిన ఆట

అంకమ్మ పెద్దమ్మ గదిలో నీళ్ళ డ్రమ్ము మూత మీద ఆ రాయి ఉంది. మూత గాలికి లేచిపోకుండా బరువు పెట్టుకున్నారు. గుండ్రంగా, నడుము దగ్గర కాస్త ఉబ్బుగా ఉండే రాయి, దాని మీద బీరువా పిడి లాంటి ఇనప పిడి. పిడికి తుప్పు పట్టింది. ఒక అంచున చిన్న పెచ్చు లేచి ఉంది. అది ఎప్పుడు లేచిందో, ఎవరి కాలికి తగలబోయి తప్పిందో నాకు తెలుసు. పెద్దమ్మ కూతురు కోటక్క పోయి, పెద్దకర్మ కూడా అయిపోయి, చుట్టాలందరూ ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయాక నేను పలకరించడానికి వెళ్ళాను. కబురు ఆలస్యంగా అందిందని చెప్పుకోవచ్చు. కానీ ఎవరో పని గట్టుకుని చెబితే తప్ప తెలియనంత దూరం జరిగింది నేనే కాబట్టి ఆ సాకు నాకే నచ్చలేదు. ముప్పాళ్ళ నుంచి మాచర్ల ఏమంత దూరం? రెండు బస్సులు మారినా పూటలో వెళ్ళిపోవచ్చు. ఆ పూట నాకు ఇన్నేళ్ళుగా దొరకలేదు.

నేను ముప్పాళ్ళ దగ్గర ఒక హైస్కూల్లో వ్యాయామం టీచర్ని. కొత్తగా చేరిన పిల్లలకి పాతవాళ్ళు చెబుతుంటారు, మా మేడం ఇండియాకి ఆడిందని. ఏ ఆట అని వాళ్ళు కబడ్డీ నుంచి మొదలుపెట్టి హాకీ దాకా వెళ్ళి ఓడిపోతారు. నీళ్ళు గడ్డ కట్టిన నేల మీద ఇరవై కిలోల రాయిని జారవిడుస్తారు, అటు చివర గీసిన గుండ్రాల మధ్యకి ఎవరి రాయి దగ్గరగా ఆగితే వాళ్ళది పైచేయి, జారే రాయి ముందు ఇద్దరు చీపుర్లతో చిమ్ముకుంటూ పరిగెడతారు, దాన్ని కర్లింగ్ అంటారు అని చెబితే తరగతి మొత్తం పడీ పడీ నవ్వుతుంది. మిరపకాయలు ఎండబోసుకునే మన పల్నాడులో మంచు ఎక్కడిది మేడం అని అడుగుతారు. నిజమే, మాకు మంచు లేదు. నాపరాళ్ళు ఉన్నాయి, రాతి బురద ఉంది, కోటక్క ఉంది. ఆ మూడూ కలిసి నన్ను ఇక్కడి దాకా తెచ్చాయని పిల్లలకి ఎప్పుడూ చెప్పలేదు. చెబితే చివరి దాకా చెప్పాలి.

మా నాన్న మాచర్ల అవతల నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో మిషను నడిపేవాడు. పనివాళ్ళకి వెనకవైపు వరసగా రేకుల గదులు ఉండేవి. మా గది, పక్కన అంకమ్మ పెద్దమ్మ గది. చుట్టరికం ఏమీ లేదు, నాకు ఊహ తెలిసేసరికే ఆమె పెద్దమ్మ, ఆమె కూతురు కోటేశ్వరి నాకు కోటక్క. పొద్దున కళ్ళు తెరవకముందే తడిసిన రాయి వాసన వచ్చేది. తొలకరి చినుకులకి మట్టి వాసన వస్తుందంటారే, అది కాదు; చల్లగా, కాస్త సున్నం ఘాటుగా ఉంటుంది. దాని మీద పెద్దమ్మ ఉడికించే గోంగూర వాసన. మా నాన్నకి ఒక అలవాటు ఉండేది. పలక పాలిష్ అయిందో లేదో చూడాలంటే దాని మీద నీళ్ళు చల్లి వంగి చూసుకునేవాడు. తన మీసంలో నెరిసిన వెంట్రుకలు లెక్కపెట్టగలిగితే అయినట్టు. రాను రాను లెక్క పెరుగుతోందని గొణుక్కునేవాడు.

కోటక్క నాకంటే రెండేళ్ళే పెద్ద, కానీ తొమ్మిదో తరగతితో బడి ఆపి పనిలోకి వచ్చేసింది. ఆమె పని మిషను కింద నుంచి కారే రాతి బురదని చీపురుతో కాలవలోకి చిమ్మడం. పాలిష్ పలకల నేల మీద, చీలమండల దాకా నీళ్ళలో, రోజంతా చిమ్మేది. ఇంటికి వచ్చి మళ్ళీ ఇల్లు చిమ్మేది. చిమ్మే విషయంలో పెద్దమ్మ చట్టాలు వేరే ఉండేవి. దీపం పెట్టాక చిమ్మకూడదు. చీపురు నిలబెట్టకూడదు. అన్నిటికంటే గట్టిది, ఇంట్లోంచి ఎవరైనా బయల్దేరితే వాళ్ళు మలుపు తిరిగి బస్సెక్కి ఉంటారనుకునే దాకా చీపురు ముట్టకూడదు. వెనకాలే చిమ్మితే వెళ్ళినవాళ్ళు తిరిగి రారట. "శవం లేచినింటినే అట్టా ఎంటనే చిమ్మేది, మడుసులు లేచినింటిని కాదు" అనేది పెద్దమ్మ. నేను బడికి వెళ్ళిన ప్రతి రోజూ మా వాకిలి కూడా ఆమె చూపు కిందే ఉండేది. మా అమ్మ తొందరపడి చీపురు పట్టుకుంటే అక్కణ్ణుంచే కేక వేసేది.

మా బడి డ్రిల్లు మాస్టారు కొంచెం వింత మనిషి. ఎవరూ ఆడని ఆట ఏదైనా దొరికితే మన పిల్లలకి చోటు దొరుకుతుందని ఆయన సిద్ధాంతం. ఎక్కడో విని, నెట్ సెంటర్లో ఒక కాగితం అచ్చు తీయించి తెచ్చారు. దాని మీద మసక మసగ్గా రాయి బొమ్మ, కింద నాలుగు ముక్కల్లో ఆట సంగతి. రాష్ట్రం తరఫున ఆడపిల్లల జట్టు ఒక్కటీ లేదని, తయారైతే నేరుగా జాతీయ స్థాయి ఎంపికలకి పంపుతామని ఆయనకి ఎవరో మాట ఇచ్చారు. ఆ కాగితం పట్టుకుని దుర్గి వెళ్ళి, విగ్రహాలు చెక్కే ఒక తాతకి చూపించాం. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశాడు.

"ఏ దేవుడమ్మా ఈయన?" అన్నాడు.

"దేవుడు కాదు తాతా, ఆట."

"ఆటకింత రాయా? సర్లే. అడుగు ఎట్టుంటదో ఈ కాయితంలో లేదే."

అడుగు ఎలా ఉంటుందో మాకూ తెలియదు. ఆయన తనకి తెలిసినట్టు అడుగుని అద్దంలా చదును చేసి నాలుగు రాళ్ళు చెక్కి ఇచ్చాడు. డ్రమ్ము మూత మీదున్నది వాటిలో ఒకటి.

వారానికొక రోజు ఫ్యాక్టరీకి కరెంటు సెలవు. ఆ రోజు మిషన్లు ఆగిపోయేవి, పొడుగాటి షెడ్డు మాది. నలుగురు ఉండాలి జట్టుకి. నేను, గురజాల నుంచి వచ్చే ఇద్దరు పిల్లలు, నాలుగో మనిషిగా కోటక్క. మాస్టారు ఆమె చేతులు చూసి అడిగారు. ఆమె నవ్వి, "చిమ్మడానికి కూడా సెలక్షనా సారూ?" అంది. సుద్దతో గుండ్రాలు గీసుకున్నాం. ఉట్టి పలకల మీద రాయి కదలలేదు. కోటక్కే బురద తెచ్చి నేలంతా పల్చగా పోసింది. అప్పుడు జారింది, అలా ఇలా కాదు, ఎదురు గోడకి కొట్టుకునేలా జారింది. దాన్ని ఆపడం ఎలాగో కూడా ఆమే కనిపెట్టింది. రాయి కంటే ముందు పరిగెత్తి బురదని చిమ్మేస్తే నేల పట్టు దొరికి రాయి ఆగుతుంది. అదే మా ఆట అయింది. అటు చివర గుండ్రాల దగ్గర నిలబడి చెప్పే పని నాది. రాయి పోవాలంటే నోరు మూసుకోవాలి, ఆగాలంటే "చిమ్మక్కా!" అని అరవాలి. నేను అరిచిన క్షణంలో ఆమె చేయి కదిలేది. కాగితంలో మాత్రం చిమ్మితే రాయి ఇంకా ముందుకి పోతుందని రాసి ఉంది. మాస్టారు దాన్ని రెండుసార్లు చదివి, అచ్చులో తప్పు పడిందేమో అన్నారు. మేమూ అదే అనుకున్నాం. రెండు వేసవులు అలాగే ఆడాం.

ఒకసారి నాకు ఏం చెప్పాలో తోచక ఊరుకుంటే రాయి గోడకి కొట్టుకుని వెనక్కి తిరిగి కోటక్క కాలికి వెంట్రుకవాసిలో ఆగింది. ఆ పెచ్చు అప్పటిది. నేను ఏడుపు మొహం పెట్టాను. ఆమె రాయిని పక్కకి నెట్టి, "ఏమే సరళా, నీకు కనపడేది నాకు కనపడదు. రాయి కాడ వొంగున్నోళ్ళకి రాయే కనపడుద్ది. అటు నిలబడ్డదానివి నువ్వు. నువ్వు తప్పు చెప్పినా పర్లేదు, చెప్పు. ఊరకుండమాక" అంది. ఆ మాట మా జట్టుకి కట్టుబాటు అయిపోయింది. అటు నిలబడ్డవాళ్ళు చెప్పాల్సిందే, చిమ్మేవాళ్ళు విని తీరాల్సిందే.

ఎంపికలకి పిలుపు వచ్చింది. పైన ఎక్కడో మంచు కొండల్లో, రెండు రాత్రులు రైల్లో వెళ్ళాలి. మాచర్లలో స్వెట్టర్లు అడిగితే దుకాణాల వాళ్ళు మా మొహాలు చూసి నవ్వారు. ఎంపికైతే దేశ జట్టు శిబిరంలో చేర్చుకుంటారని, తర్వాత ఆటల కోటాలో చదువుకో ఉద్యోగానికో దారి దొరుకుతుందని మాస్టారు చెప్పారు. నాకు అది మామూలు మాటలా వినపడింది. బురదలో కాళ్ళు పాచిపోయి వేళ్ళ సందులు పుళ్ళు పడిన కోటక్కకి ఎలా వినపడిందో అప్పుడు ఆలోచించలేదు. ప్రయాణం రోజు ఆమె, ఫ్యాక్టరీ గుమాస్తాతో ఇక తన పని ఇంకెవరికైనా ఇచ్చుకోమని చెప్పి వచ్చింది. అంత ధైర్యం ఎందుకే అని అడిగాడట మా నాన్న. "సరళ ఉందిగా బాబాయ్" అందట. పెద్దమ్మ మమ్మల్ని మలుపు దాకా చూసింది. ఆ రోజంతా ఆమె ఇల్లు చిమ్మలేదని తర్వాత మా అమ్మ చెప్పింది.

మంచు మీద మొదటి రోజు మా పరువు పోయింది. రాయి ఆపాలని నేను "చిమ్మక్కా!" అంటే అది హద్దులు దాటి పోయేది. ఆగిపోతున్న రాయిని పోనీ అని ఊరుకుంటే అక్కడే చతికిలబడేది. మంచు మీద చీపురు రుద్దితే మంచు పైపొర కరిగి రాయి ఇంకా జారుతుంది. కాగితంలో అచ్చుతప్పేమీ పడలేదు. మాస్టారు తల పట్టుకుని మెట్ల మీద కూర్చున్నారు. ముందు తేరుకున్నది కోటక్కే. "ఏముందే, ఇక్కడ చిమ్మితే పోద్ది, మానుకుంటే ఆగుద్ది. మన షెడ్డుకి తిరగేసి. అంతేగా?" అంది. మిగిలిన వారమంతా ఆ ఒక్క సంగతి బుర్రకి ఎక్కించుకున్నాం. కోటక్క చీపురు నొక్కితే రాయి ఆమె మాట విన్నట్టు పోయేది. ఎంపిక చేసే పెద్దాయన ఇంకొకాయన్ని పిలిచి ఆమె చేతులు చూపించాడు. మాకు భాష రాకపోయినా ఆ చూపు అర్థమైంది. ఆ పూట కోటక్క భోజనంలో రెండోసారి అన్నం అడిగి పెట్టించుకుంది. అన్ని రోజుల్లో అదే మొదటిసారి.

ఆఖరి ఆటలో ఆఖరి రాయి మాది. మధ్య గుండ్రంలో ఆగితే మా జట్టు మొత్తం శిబిరానికి వెళ్తుంది. గురజాల పిల్ల తోసింది, కొంచెం జోరుగా తోసింది. అది నాకు కనపడింది, వేగం ఎక్కువైంది, ఆగాలి. ఆగాలి అన్నది మాత్రమే నా తలలో ఉంది. మిగిలినదంతా, ఆ వారం, ఆ కొండలు, ఆ కాగితం, అన్నీ పోయాయి. నేను మా షెడ్డులో నిలబడి ఉన్నాను.

"చిమ్మక్కా!"

కోటక్క తల ఎత్తింది. చీపురు ఆనించకుండా పక్కనే పరిగెడుతోంది, అదే సరైన పని. ఆమె నా వైపు చూసిన చూపులో ప్రశ్న ఉంది. నేను మళ్ళీ అరిచాను, ఇంకా గట్టిగా. ఆమె వంగి చిమ్మింది. ఉన్న బలమంతా పెట్టి చిమ్మింది. రాయి మధ్య గుండ్రం మీదుగా, నా కాళ్ళ పక్కగా, గీత దాటి వెళ్ళిపోయింది. రాయి నన్ను దాటాక గానీ నేను అన్న మాట నాకు వినపడలేదు.

పెద్దాయన మండిపడుతూ వచ్చాడు. మాస్టారిని అనువదించమని, జోరుగా వచ్చే రాయిని ఎవరు చిమ్మమన్నారు అని అడిగాడు. పక్క ఆటల కేకల్లో నా అరుపు ఆయన దాకా వెళ్ళలేదు. నేను నోరు తెరిచాను. తెరిచాననే ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. "నేనే చిమ్మా సార్, సరళేం చెప్పలా" అంది కోటక్క. పక్కన చిమ్మిన రెండో గురజాల పిల్లకి నిజం తెలుసు, కోటక్క చూసిన చూపుకి అది తల దించుకుంది. నేనూ దించుకున్నాను. చెప్పిన మాట వినకుండా సొంతంగా చిమ్మే మనిషి ఎంత బలమైనదైనా జట్టుకి పనికిరాదని పెద్దాయన ఆమె పేరు కొట్టేశాడు. వారమంతా సరిగ్గా చెప్పినందుకు నా పేరు ఒక్కటే ఉంచాడు. చెప్పు, ఊరకుండమాక అని నేర్పిన మనిషి విషయంలోనే నేను ఊరుకున్నాను. దానికి ఏ పేరు పెట్టుకున్నా నాకు నిద్ర పట్టే పేరు దొరకలేదు.

వాళ్ళు ముగ్గురూ మాస్టారితో తిరిగి బయల్దేరారు. కోటక్క తన స్వెట్టర్ విప్పి నా మంచం మీద పడేసి, "నాకింకెందుకే, మనూళ్ళో ఇదేసుకుంటే నవ్వుతారు" అంది. నేను శిబిరంలో మూడేళ్ళు ఉన్నాను. ఒకసారి విదేశం వెళ్ళాం, ఆడినవన్నీ ఓడిపోయాం. అయినా దేశానికి ఆడినట్టు కాగితాలు వచ్చాయి, వాటితో వ్యాయామ కళాశాలలో సీటు, తర్వాత ఈ ఉద్యోగం. కోటక్క ఫ్యాక్టరీకి వెళ్తే ఆమె చీపురు అప్పటికే ఇంకొకరి చేతిలో ఉంది. కోత మిషను దగ్గర మాత్రమే ఖాళీ ఉందన్నారు. అక్కడ నీళ్ళు తక్కువ, పొడి ఎక్కువ. మూతికి గుడ్డ కట్టుకుని ఆ పొడిలో పని చేసింది. మధ్యలో పెళ్ళి చేసుకుంది, కుదరక తిరిగొచ్చింది. దగ్గు మొదలైతే టీబీ అన్నారు, మందులు వాడినా తగ్గలేదు. ఊపిరితిత్తుల్లో రాతి పొడి పేరుకుపోయిందని గుంటూరులో చెప్పేసరికి ఆలస్యమైపోయింది. ఈ సంగతులన్నీ నాకు మా అమ్మ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేది. అమ్మానాన్నలు నా దగ్గరికి వచ్చేశాక ఆ ముక్కలు కూడా రావడం మానేశాయి. మొదట్లో పండగకోసారి వెళ్ళేదాన్ని. కోటక్క మామూలుగా నవ్వేది, మామూలుగా టీ పెట్టేది. ఆ మామూలుతనాన్నే నేను భరించలేకపోయాను. తర్వాత తర్వాత వెళ్ళలేదు.

మొన్న నేను వెళ్ళేసరికి పెద్దమ్మ వాకిట్లో చీపురు పట్టుకుని వంగి ఉంది. బాగా వంగిపోయింది. నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. "నువ్వటే సరళా" అని చీపురు గోడ వారన పడేసి, చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. గదిలో అదే తడి రాయి వాసన, గోంగూర లేదు. కోటక్క మందుల సీసాలు కిటికీలో అలాగే ఉన్నాయి. ఆఖరి నెల్లో పడుకుంటే ఊపిరి అందక, గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోయేదట. అవన్నీ చెబుతూ పెద్దమ్మ ఏడవలేదు. నేను డ్రమ్ము మీద రాయి చూసి ఆగలేకపోయాను.

"పెద్దమ్మా, ఆ రోజు చిమ్మమన్నది నేను. అక్క తప్పేం లేదు. నేనే అరిచాను."

పెద్దమ్మ చీర కొంగుతో నా మొహం తుడిచింది. "తెలుసులేమ్మా" అంది.

"ఎట్టా తెలుసు?"

"రైలు దిగొచ్చిన రోజే చెప్పిందిగా. సరళ చిమ్మమందమ్మా, తప్పని తెలుసు గానీ దానికేదో కనపడిందేమో అనుకున్నా అంది. మరి ఆ సార్లకి చెప్పకపోయినావా ముండా అని చానా తిట్టా. చెప్తే దాన్నీ పంపిచ్చేస్తారు, ఇద్దరం బురదలో ఎందుకమ్మా అంది."

ఇన్నేళ్ళు నేను వచ్చినప్పుడల్లా ఈమెకి తెలుసు. తెలిసే గ్లాసు నిండా టీ ఇచ్చింది.

"మరి నాతో ఒక్కసారన్నా అనలేదేంది పెద్దమ్మా?"

"నా చేత ఒట్టేయించుకుందిగా. నీకు తెలుసని సరళకి తెలియనీమాక, తెలిస్తే సిగ్గుపడి మనింటికి రావడం మానేసుద్ది అంది." పెద్దమ్మ కిటికీ లోంచి వాకిలి వైపు చూసింది. "బండి చప్పుడైతే చాలు, సరళేమో చూడమ్మా అనేది, మొన్న మొన్నటి దాకా."

చెప్పకపోయినా నేను మానేశాను అక్కా. నేను రావాలని నువ్వు ఆ మాట కడుపులో పెట్టుకున్నావు, నేనేమో నా సిగ్గు నేనే మోసుకుని ఏడేళ్ళు ఈ గడప తొక్కలేదు. నీ పేరు కొట్టేసిన రోజు కంటే ఇదే నాకు పెద్ద తప్పుగా కనపడుతోంది. ఆ రోజు పదిహేడేళ్ళదాన్ని, ఒక్క క్షణం నోరు జారాను, ఒక్క క్షణం నోరు మూసుకున్నాను. ఈ ఏడేళ్ళూ నేను పెద్దదాన్నే. చక్కగా ఆలోచించుకుని రాకుండా ఉన్నాను.

బయల్దేరేటప్పుడు పెద్దమ్మ రాయి తీసుకెళ్తావా అని అడిగింది. మూతకి బరువు కావాలిగా, ఉండనీ అన్నాను. దాన్ని నా ఇంట్లో పెట్టుకునే అర్హత లేదని నోటితో అనలేకపోయాను. వచ్చే ఆదివారం వస్తానన్నాను. మలుపు దగ్గర బస్సు కోసం చాలాసేపు నిలబడాల్సి వచ్చింది. వెనక్కి తిరిగి చూశాను. పెద్దమ్మ గడపలోనే ఉంది. వాకిలి సగం చిమ్మి ఉంది, మిగిలిన సగంలో వేపాకులు అలాగే ఉన్నాయి. గోడ వారన పడేసిన చీపురుని ఆమె ముట్టుకోలేదు.